కయాక్ పడవ మీద కెమెరా: బిగింపు, భద్రత

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పిన రోజు కనుక ఈ దినాన డి.ఏ. గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఆ సంగతులు నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకు ముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాతో మాత్రం, "అమెరికాలో మీవాడు పడవకు కెమెరా బిగించి చేపలు పడతాడట కదా, ఆ సంగతి చెప్పండి, సభ కాస్త తేలికపడుతుంది" అన్నారు. వారి ఆజ్ఞ ప్రకారమే నిలబడ్డాను. అయితే ఇందులో తేలికైనది కెమెరా ఒక్కటే. దాని బరువు 150 గ్రాములు. దానితో ముడిపడి ఉన్న విషయం అంత తేలికైనది కాదని వింటుంటే మీకే తెలుస్తుంది.

ముందుగా కయాక్ అంటే ఏమిటో మనవి చేస్తాను. ఆర్కిటిక్ మంచు ప్రాంతపు ఇన్యుయిట్ ప్రజలు చట్రం మీద సీల్ జంతువు చర్మాన్ని బిగించి, వేట కోసం చేసుకున్న పడవ అది. కొల్లేటి తాటిదోనెను చూసినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు: ఒక మనిషి పట్టే సన్నని దోనె, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు. ఈ కాలంలో చేపలు పట్టడానికి వాడేవి ప్లాస్టిక్‌తో పోతపోసినవి. పొడవు 10 నుంచి 14 అడుగులు, వెడల్పు మూడడుగులకు కాస్త తక్కువ. మనిషి లోపల దూరి కూర్చోడు, పైనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పైన పడిన నీరు పోవడానికి పడవకు పైనుంచి కిందికి రంధ్రాలు ఉంటాయి. రంధ్రాలున్న పడవ తేలుతుందా అని మా ఆవిడ మొదటి రోజే అడిగింది. లోపల గాలి నిండిన బోలు శరీరం వేరు, ఈ రంధ్రాల గొట్టాలు వేరు కనుక తేలుతుంది.

మా రెండోవాడు ఉండేది హ్యూస్టన్‌లో. అక్కడికి సుమారు 50 మైళ్ళలో గాల్వెస్టన్ అనే ద్వీపం ఉంది. దానికి ఒక పక్క సముద్రం, ఇంకొక పక్క లోతు తక్కువ ఉన్న ఉప్పునీటి అఖాతం. ఆ అఖాతం వైపున స్టేట్ పార్కులో తెడ్డు పడవల కోసమే గుర్తించి పెట్టిన దారులున్నాయి. గడ్డి మధ్యలో రెడ్ ఫిష్ అనే చేప దొరుకుతుంది. తోక దగ్గర నల్లని చుక్క దాని గుర్తు. పులుసు పెడితే మన పండుగప్పకు ఏమీ తీసిపోదు. నేను అక్కడ ఉన్న ఆరు నెలల్లో పడవ ఎక్కింది తక్కువ, ఒడ్డున నిలబడింది ఎక్కువ. కానీ సరుకు సర్దడం, తిరిగి వచ్చాక కడగడం, ఎండబెట్టడం, లెక్క చూడడం నా సెక్షను. కాబట్టి ఈ విషయం ఫైలు చదివినంత బాగా తెలుసునని చెప్పుకోగలను.

చేపలు పట్టేవాడికి కెమెరా ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. సరదా ఒక కారణం, కాదనను. రెండోది వోచరు. టెక్సాస్ నిబంధన ప్రకారం రెడ్ ఫిష్ 20 అంగుళాలకు తగ్గకూడదు, 28 మించకూడదు. తక్కువది వదిలేయాలి. మించినదాన్ని, లైసెన్సుతో ఇచ్చే ట్యాగు వాడితే తప్ప, వదిలేయాలి. వదిలేసిన చేపకు సాక్ష్యం ఏముంది? ఫోటో ఒక్కటే. కయాక్ మీద చేపలు పట్టే పోటీలు కూడా అక్కడ ఇదే పద్ధతిలో జరుగుతాయి. చేపను కొలబద్ద పలక మీద పడుకోబెట్టి, మూతి మూసి పలక అంచుకు ఆనించి, ఆ రోజు నిర్వాహకులు ఇచ్చిన గుర్తు కార్డు కూడా కనబడేలా ఫోటో తీసి, చేపను నీళ్ళలో వదిలేస్తారు. ఫోటోలో మూతి ఆనకపోయినా, కార్డు కనబడకపోయినా కొలత చెల్లదు. వోచరు లేని ఖర్చును ఆడిట్‌వారు ఎలా చూస్తారో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. చేప ప్రాణంతో వెళ్ళిపోతుంది, కాగితం మిగులుతుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

ఇక బిగింపు సంగతి.

ఈ పడవలు పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. మన ఆఫీసుల్లో పాలిథీన్ సంచికి గమ్ము రాసి చీటీ అంటించబోయినవారెవరైనా ఉంటే, అది ఎండగానే రాలిపోయిన సంగతి గుర్తుండాలి. ఇదీ అంతే. కెమెరాతో పాటు వచ్చే అంటించుకునే బిళ్ళలు కారుకు, హెల్మెట్టుకు బాగా పట్టుకుంటాయిగాని ఈ ప్లాస్టిక్‌కు గట్టిగా పట్టవు. పైగా పడవ ఉపరితలం గరుకు కనుక గాలి పీల్చి పట్టుకునే రబ్బరు కప్పులూ నమ్మదగినవి కావు. పడవ అంచుల మీద చాలావాటికి పొడవాటి గాడి ఉన్న పట్టీ ఒకటి బిగించే వస్తుంది. దాన్ని ట్రాక్ అంటారు. టి ఆకారపు బోల్టు ఆ గాడిలో దూర్చి తిప్పితే కెమెరా కాడ నిలబడుతుంది, ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. ఇదే మంచి పద్ధతి. ట్రాక్ లేకపోతే రంధ్రం వేసి, లోపలి వైపు వెడల్పాటి వాషరు పెట్టి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుతో బిగించి, చుట్టూ నీరు దూరని సీలెంటు పూయాలి. లోపలికి చెయ్యి దూరే మూత పడవలో ఎక్కడుందో చూసుకుని తరువాత డ్రిల్లు చేతపట్టాలి. లేకపోతే నట్టు వేసే దారి ఉండదు.

కాడకూ కెమెరాకూ మధ్య రబ్బరు పూత గుండు ఒకటి, దాన్ని పట్టుకునే రెండు దవడలు, బిగించడానికి ఒక పిడి ఉంటాయి. ర్యామ్ అనే కంపెనీ పేరు మీద ఆ గుండు ప్రసిద్ధి. మా ఇంట్లో ఒక అంగుళం గుండే ఉండేది, ఈ చిన్న కెమెరాకు అది చాలు. అలల తాకిడికి, తెడ్డు ఊపుకు మరలు కొద్దికొద్దిగా వదులవుతాయి. కనుక ఒడ్డు వదిలే ముందు ఒకసారి, నడుమ ఒకసారి పిడి తిప్పి చూడాలి. నేను ఒడ్డున ఉండగా ఈ పని నాదే.

కెమెరా ఎక్కడ నిలపాలి అన్నదాని మీద ఆ ఊరి పడవవాళ్ళలో మూడు పార్టీలున్నాయి.

మొదటి పార్టీ కుర్చీ వెనుక పొడుగాటి కర్ర నిలబెట్టి, తల మీదుగా తీస్తుంది. బొమ్మ చాలా అందంగా వస్తుంది. మనిషి, గాలం, నీరు, ఆకాశం అన్నీ పడతాయి. కానీ గాలం విసిరేటప్పుడు కర్ర వెనక్కి వెళుతుంది కదా, ఎర కొక్కెం ఆ కాడకు చుట్టుకుంటుంది. చెట్ల కొమ్మల కింద, వంతెనల కింద వెళ్ళేటప్పుడు తగులుతుంది. పొడుగు కాడ ఊగితే బొమ్మ కూడా ఊగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లోతు తక్కువ నీళ్ళలో పడవ బోల్తాపడితే ఆ కాడ బురదలో గుచ్చుకుని పడవను తిరగేయనివ్వదు.

రెండో పార్టీ ఛాతీకి పట్టీలతో కట్టుకుంటుంది. చేతులు చేసే పని బాగా కనబడుతుంది. కానీ పడిపోయిన మనిషి తిరిగి పడవ ఎక్కే విధానం ఏమిటి? పడవను పక్క నుంచి పట్టుకుని, నడిభాగంలో బోర్లా పాకి, ఆ తరువాత వెల్లకిలా తిరిగి కూర్చోవాలి. బోర్లా పాకే మనిషి ఛాతీ మీద ఇనుప కొక్కెంలాగా ఒక వస్తువు ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. పైగా లైఫ్ జాకెట్టు మీద మరో పట్టీ చుట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

మూడో పార్టీ, మా వాడు ఉన్నది, ముందు వైపున ట్రాక్ మీద పొట్టి కాడకు బిగిస్తుంది. వంగకుండా చెయ్యి చాపితే అందేంత దూరం, తెడ్డు తిరిగే వలయానికి బయట. నీటి తుంపర ఎక్కువ పడుతుంది, మనిషి ముఖమే ఎక్కువ కనబడుతుంది, సముద్రం తక్కువ. అయినా నేను ఈ పార్టీకే ఓటు వేస్తాను. సరైన చోటు తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. పడవను ఇంటి ముందు పచ్చిక మీద పెట్టి, అందులో కూర్చుని, గాలిలో తెడ్డు వేసి, గాలం విసిరి చూడడం. మా వాడు అలా పచ్చిక మీద తెడ్డు వేస్తుంటే ఎదురింటి దొరగారు కిటికీలోంచి చాలాసేపు చూశారు.

బిగించాం. ఇక అసలు విషయానికి వస్తున్నాను. తాడు.

మా వాడి స్నేహితుడొకడు, మంచి ఈతగాడే, ఒక ఆదివారం వీళ్ళతో పాటు వెళ్ళాడు. చేప పడింది. ఒక చేత్తో చేపను పట్టుకుని, తొడ మీద ఉన్న ఫోను తీయబోయాడు. చేప కొట్టుకుంది, ఫోను జారింది, పడవ అంచు మీద పడింది, అక్కడి నుంచి నీటి వైపు కదిలింది. అతడు వంగాడు. అంతే, పడవ తిరగబడింది. అతడి పడవ మీద ముందువైపు బిగించిన కెమెరాలో ఇదంతా పడింది. ఆ వీడియోను నేను పదిసార్లు చూశాను, గడియారం పెట్టుకుని చూశాను. ఫోను జారినప్పటి నుంచి మనిషి తల నీళ్ళలోకి వెళ్ళేదాకా రెండు సెకన్లు పట్టలేదు. అందులో ఆలోచించినట్లు ఎక్కడా కనబడదు. చంటిబిడ్డ మంచం మీద నుంచి జారితే తల్లి చెయ్యి ఎలా వెళుతుందో అలా వెళ్ళింది ఆ చెయ్యి. కయాక్ మీద సూత్రం ఒకటే: తల పడవ అంచు దాటితే మనిషి నీళ్ళలో ఉన్నట్లే. తల బరువు ఎటు వెళితే పడవ అటు వెళుతుంది.

ఆ రోజు నీరు అతడికి ఛాతీ లోతు. కాళ్ళు బురదలో దిగబడుతున్నాయి. గాలికి ఖాళీ పడవ అతడి నుంచి దూరంగా కొట్టుకుపోయింది. ఖాళీ కయాక్ గాలికి ఎంత వేగంగా పోతుందో చూస్తేగాని నమ్మలేము. వెంట ఇద్దరున్నారు కనుక పడవను పట్టి తెచ్చారు. ఒంటరిగా వెళ్ళి ఉంటే? సహాయానికి పిలిచే ఫోను నీళ్ళ అడుగున ఉంది. నోటితో అరిస్తే వినడానికి గడ్డి, కొంగలు తప్ప ఎవరూ లేరు. ఒంటి మీద లైఫ్ జాకెట్టు ఉంది కనుక బురదలో నిలదొక్కుకున్నాడు.

అందుచేత మిత్రులారా, వస్తువుకు తాడు కట్టేది వస్తువు పోతుందని కాదు. వస్తువు జారినప్పుడు మనిషి వంగకుండా ఉండడానికి. తాడు ఉందని చేతికి ముందే తెలిసి ఉంటే చెయ్యి వెళ్ళదు. మా వాడు ఆ తరువాత కోడలి చేత ఒక పరీక్ష పెట్టించుకున్నాడు. పచ్చిక మీద పడవలో కూర్చుని గాలం వేస్తుంటే, ఆమె చెప్పకుండా వెనుక నుంచి కెమెరాను తోసేసేది. మొదటి మూడుసార్లు వంగాడు. తరువాత మానేశాడు. నాలుగున్నరేళ్ళ మనవడికి ఈ పరీక్ష పెద్ద ఆటైపోయి, ఇంట్లో అన్ని వస్తువులూ తోయడం మొదలుపెట్టాడు. అది వేరే సంగతి.

తాడు కట్టడంలోనూ పద్ధతి ఉంది. మన ట్రెజరీలో స్ట్రాంగు రూముకు డబుల్ లాక్ ఉంటుంది. రెండు తాళాలు, రెండు తాళంచెవులు, ఇద్దరు మనుషుల దగ్గర. రెండూ ఒకరి దగ్గరే ఉంటే రెండో తాళం ఉండీ లేనట్లే. కెమెరాకు మొదటి తాళం మర, రెండో తాళం తాడు. ఆ తాడును చాలామంది మరలు బిగించిన కాడకే కడతారు. కాడ విరిగితే కాడ, కెమెరా, తాడు మూడూ కలిసి వెళతాయి. తాడు రెండో కొస పడవకు వేరే చోట, గట్టి కొక్కేనికి ఉండాలి. పొడవు ఒకటిన్నర అడుగులు మించనక్కరలేదు. వదులుగా వేలాడే పొడుగాటి తాడు పడవ తిరగబడినప్పుడు కాలికో మెడకో చుట్టుకుంటుంది. టెలిఫోను తీగలాగా చుట్టలు చుట్టుకుని ఉండే తాడు మేలు. లైఫ్ జాకెట్టుకు చిన్న కత్తి ఒకటి ఉండాలి, ఒక చేత్తో తీయగలిగేటట్లు. అది చేప కోయడానికి కాదు, చుట్టుకున్న తాడును కోయడానికి.

ఏ వస్తువు దేనికి కట్టాలి? ఇక్కడ నా అభిప్రాయం స్పష్టం. కెమెరా, గాలం, కొలబద్ద పలక, తెడ్డు పడవకు. ఫోను, ఈల, ఉంటే రేడియో, మనిషికి. మనిషీ పడవా వేరుపడినప్పుడు సహాయానికి పిలిచే సాధనం మనిషి దగ్గర మిగలాలి. పోటీవాళ్ళు ఫోనుతోనే ఫోటో తీయమంటారు కనుక ఫోను బయటికి తీయక తప్పదు. అప్పుడు కూడా అది జాకెట్టుకు పొట్టి చుట్టతాడుతో ఉండాలి. నీరు దూరని పారదర్శకపు సంచిలో పెట్టి వాడితే, తడి వేళ్ళకు తెర పలకదు. శబ్దం పెంచే పక్క బొత్తం నొక్కితే ఫోటో పడుతుంది. ఈ చిట్కా మనకు ఇక్కడ వానాకాలంలో కూడా పనికివస్తుంది.

కెమెరా దానంతటది తేలదు, రాయిలాగా మునుగుతుంది. నారింజ రంగు స్పాంజి తొడుగు అమ్ముతారు. తాడు తెగినా తేలుతుంది, దూరం నుంచి కనబడుతుంది. కానీ ఏ తొడుగు ఏ బరువును తేలుస్తుందో డబ్బా మీద చదివి నమ్మరాదు. మనం పెట్టే కాడ, గుండు అన్నీ కలిపి బకెట్టులో వేసి చూడాలి. ఫిజికల్ వెరిఫికేషన్ లేని స్టాకు రిజిస్టరు ఎందుకూ పనికిరాదు.

ఇక నీటి నుంచి రక్షణ. గోప్రో కంపెనీవారి కెమెరాలకు మొదట్లో నీరు దూరకుండా వేరే పెట్టె ఉండేది. 2016లో వచ్చిన హీరో 5 బ్లాక్ నుంచి ఆ పెట్టె లేకుండానే 10 మీటర్ల లోతు దాకా తట్టుకునేలా చేశారు. ఫోన్ల మీద ఐపీ 67, 68 అని రాసి ఉంటుంది. చివరి అంకె 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు. అది ప్రయోగశాలలో మంచినీటిలో చేసిన పరీక్ష. ఉప్పునీటికి, ఇసుకకు, మూడేళ్ళు వాడిన ఫోనుకు ఆ హామీ లేదు.

ఈ కెమెరా రక్షణ అంతా ఒక సన్నని రబ్బరు చుట్టులో ఉంది. గృహిణులకు నేను వివరించనక్కరలేదు, కుక్కరు గాస్కెట్టే. గాస్కెట్టు మీద ఒక అన్నం మెతుకు ఉంటే విజిల్ రాదు. బ్యాటరీ మూత రబ్బరు మీద ఒక ఇసుక రేణువు, ఒక వెంట్రుక ఉంటే నీరు లోపలికి వస్తుంది. కనుక బ్యాటరీ మార్చడం ఒడ్డు మీద, పొడి చేతులతో, ఎర పట్టుకున్న వేళ్ళు తుడుచుకుని చేయాలి. నీటి మధ్యలో మార్చవలసి వస్తే పెదవి మడిచి మూసే సంచిలో చేతులు పెట్టి మార్చుకోవాలి. పెద్ద కెమెరా, లెన్సులు మార్చే రకం, తీసుకువెళ్ళేవారు దాన్ని గట్టి పెట్టెలో పెట్టి, లంగరు వేసి, తెడ్డు కట్టేసిన తరువాతే తీయాలి. నన్నడిగితే దాన్ని ఒడ్డు దాటించవద్దంటాను.

అద్దం మీద నీటి బొట్లు పడితే మొత్తం రోజు తీసిన బొమ్మలు బొట్లతోనే నిండుతాయి. దానికి అక్కడివారు చేసే పని చెబితే సభలో పెద్దలు ముఖం చిట్లిస్తారు. కెమెరా అద్దాన్ని నాకుతారు. ఎంగిలి పూసిన అద్దం మీద నీరు బొట్టుగా నిలవదు, పలచగా పరుచుకుని జారిపోతుంది. మా ఇంట్లో కెమెరా కడిగేవాడిని నేను. మడి ఆచారం ప్రకారం మొదటి వారం నాకు ఇబ్బందిగా ఉండేది. పని చేస్తున్నది చూశాక ఊరుకున్నాను.

లోపలి ఆవిరి ఇంకొక తంటా. ఏ.సి. గదిలోంచి బయటికి రాగానే మన కళ్ళజోళ్ళు మసకబారడం మే నెలలో అందరికీ అనుభవమే. చల్లని అద్దం మీద తేమగాలి నీరవుతుంది. కెమెరాకు బయట పడితే తుడవవచ్చు, లోపల పడితే ఏమీ చేయలేము. ఏ.సి. కారులోంచి తీసిన కెమెరాను సంచిలోనే ఉంచి అరగంట ఆగాలి, అది బయటి వేడికి వచ్చాక సంచి విప్పాలి. చేపలకని తెచ్చిన ఐసు పెట్టెలో చల్లగా ఉంటుందని కెమెరాను పెట్టడం మాత్రం తప్పు. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసుకోవాలి. మందు సీసాల్లో, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చేదే. నారింజ రంగు రకమైతే తేమ పీల్చినకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. వేడి చేస్తే తిరిగి పూర్వపు రంగుకు వచ్చి మళ్ళీ పని చేస్తుంది. మా ఆవిడ మందుల డబ్బాల్లోవి పోగు చేసి ఇస్తే, మా వాడికి ఒక్క డాలరు ఖర్చు లేకుండా ఆరు నెలలు గడిచింది.

తిరిగి వచ్చాక చేసే పని నా దినచర్య కనుక ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటాను. ఉప్పునీరు ఎండితే ఉప్పు మిగులుతుంది. ఆ రేణువులు మూతల సందుల్లో, బొత్తాల కింద చేరి గట్టిపడతాయి, లోహపు భాగాలకు చిలుము పట్టిస్తాయి. కనుక ఎండకముందే, మూతలు మూసి ఉండగానే, గోరువెచ్చని మంచినీటి బకెట్టులో పావుగంట నానబెట్టాలి. నీళ్ళలోనే బొత్తాలు రెండు మూడుసార్లు నొక్కాలి. తరువాత మెత్తని గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరిన తరువాత మాత్రమే మూత తెరవాలి. తడిగా ఉండగా ఛార్జింగు పెట్టరాదు. కాడ, గుండు, బోల్టులు, తాడు కొక్కేలు కూడా కడగాలి. స్టెయిన్‌లెస్ అన్న పేరే గాని, ఉప్పు ముందు అదీ కొంతకాలానికి మచ్చ పడుతుంది.

లోపలికి ఉప్పునీరు వెళ్ళిపోతే? ఆపు చేసి, బ్యాటరీ తీసేసి, మెమరీ కార్డును మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. కెమెరా పోయినా కార్డులో బొమ్మలు చాలాసార్లు దక్కుతాయి. తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్ళల్లో కూడా వ్యాపించింది. 2024లో ఆపిల్ కంపెనీవారే అలా చేయవద్దని, బియ్యపు నలకలు లోపలికి పోయి పాడుచేస్తాయని ప్రకటించారు. ఇక ఉప్పునీట మునిగిన లిథియం బ్యాటరీని ఎండబెట్టి తిరిగి వాడడం పొదుపు కాదు, నిప్పుతో చెలగాటం. 2022లో ఇయాన్ తుపాను తరువాత ఫ్లోరిడాలో సముద్రపు నీట మునిగిన విద్యుత్ కార్లు కొన్ని రోజుల తరువాత అంటుకున్నాయి. బ్యాటరీ చిన్నదైనా జాతి అదే. అటువంటిదాన్ని ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా ఉంచి, వాటిని తీసుకునే చోట అప్పగించాలి.

ఇవన్నీ చేసినా లైఫ్ జాకెట్టు ఒంటి మీద లేకపోతే ఒకటీ లెక్కకు రాదు. అమెరికా కోస్ట్ గార్డు 2023 సంవత్సరపు లెక్కల ప్రకారం వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. కారణం తెలిసినవారిలో నూటికి 75 మంది మునిగిపోయినవారు. అలా మునిగినవారిలో నూటికి 87 మంది జాకెట్టు వేసుకోలేదు. అక్కడ చట్టం కయాక్‌లో మనిషికొక జాకెట్టు ఉండాలంటుంది. పెద్దవాళ్ళు తొడుక్కునే తీరాలని అన్ని చోట్లా అనదు. ఎండగా ఉందని, కెమెరాలో బాగా కనబడమని వెనకాల కట్టేసేవారిని నేను కళ్ళారా చూశాను. మా ఇంట్లో మాత్రం కోడలు ఒక నిబంధన పెట్టింది. ఫ్రిజ్ తలుపు మీద మూవ్‌మెంట్ రిజిస్టరు. ఎక్కడ పడవ దించుతారు, ఎవరెవరు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, రాకపోతే ఎన్ని గంటలకు 911కు ఫోను చేయాలి. సంతకం పెట్టి బయటికి వెళ్ళాలి. ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్ళలో ఆ రిజిస్టరును అంత శ్రద్ధగా నడిపిన ఆఫీసును నేను చూడలేదు.

మనకెందుకీ గొడవ అనకండి. మనమూ పాపికొండలకు వెళతాం, భవానీ ద్వీపానికి వెళతాం, మనవల కోసం ఫోను చేతపట్టి లాంచీ అంచు మీద నిలబడతాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగినది మనలో ఎవరూ మరచిపోలేదు. వచ్చే కార్తికంలో సంఘం తరఫున విహారయాత్ర అంటున్నారు కనుక కార్యవర్గానికి నాదొక ప్రతిపాదన. పడవ ఎక్కే ప్రతి సభ్యుడికీ ఫోనుకు మెడతాడు ఒకటి సంఘమే కొని ఇవ్వాలి, గట్టిగా లాగితే విడిపోయే రకం. జాకెట్టు కట్లు బిగించారో లేదో ఒకరు తిరిగి చూడాలి. ఆ పని నాకు అప్పగించండి. సముద్రం మీద ఆపద అయితే మన కోస్ట్ గార్డు నంబరు 1554, మిగతా చోట్ల 112. ఫోనులో ఇప్పుడే రాసుకోండి, నేను ఆగుతాను.

చివరగా, పిల్లల దగ్గరికి టెక్సాస్ వెళ్ళే సభ్యులు ఇద్దరు నిన్న అడిగిన ప్రశ్న. కొడుకు లైసెన్సు మీద మనం గాలం వేయవచ్చా? వేయరాదు. లైసెన్సు ఎవరి పేరున వారిదే. బయటివారికి ఒక్కరోజు లైసెన్సు కూడా ఇస్తారు, ముందే తీసుకోవాలి. ఒడ్డున కుర్చీ వేసుకుని కెమెరా కడిగేవారికి మాత్రం ఏ లైసెన్సూ అక్కరలేదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు.